ఇంగ్లీషు పరుగు, తెలుగు పారుదల

నేను ఆరవ తరగతిలో ఉండగా అనువాద పరీక్షలో ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం వచ్చింది: 'ద టాప్ ఈజ్ రన్నింగ్.' 'రన్' అంటే పరుగెత్తుట అని అప్పటికే వల్లె వేసి ఉన్నవాణ్ణి కనుక, ఏమాత్రం సందేహించకుండా 'కొళాయి పరుగెత్తుచున్నది' అని వ్రాశాను. మాస్టారు నా చేతనే ఆ వాక్యాన్ని నిలబెట్టి చదివించారు. తరగతి తరగతంతా నవ్వింది. కొంతకాలం నా పేరు 'కొళాయి'గానే చెలామణీ అయింది.

ఆ సాయంత్రం చేలో నీళ్ళు పెట్టి వచ్చిన నాన్నగారికి ఏడుపు ముఖంతో సంగతి చెప్పాను. ఆయన కాళ్ళు కడుక్కుంటూ విని, "ఇందులో అంత నవ్వవలసిందేముందిరా? పొద్దుటినుంచీ నేను చేసిందేమిటి, నీళ్ళు పారించడం. దొంగ జనాన్ని చూసి ఏం చేస్తాడు, పారిపోతాడు. పారడమూ పరుగే కదా! నువ్వు సరైన గుమ్మం ముందే నిలబడి పక్కింటి తలుపు కొట్టావు, అంతే" అన్నారు.

ఆయన ఇంగ్లీషు చదువుకున్నవారు కారు. ఆ మాటలోని లోతు నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. ఇంగ్లీషు నిఘంటువుల చరిత్ర చదివిన తరువాత, నన్ను నవ్వులపాలు చేసిన ఆ చిన్న క్రియే మహా మహా పండితులను కూడా ముప్పుతిప్పలు పెట్టిందని గ్రహించి కాస్త ఊరట చెందాను. ఆ కథే ఇది.

నిఘంటువు అనగానే అందులో భాషలోని మాటలన్నీ ఉంటాయని నేడు మనం అనుకుంటాం. మొదట్లో అలా ఉండేది కాదు. ఇంగ్లీషు మాటలకు ఇంగ్లీషులోనే అర్థం చెప్పే తొలి నిఘంటువుగా పేరుపొందినది రాబర్ట్ కాడ్రీ అనే ఉపాధ్యాయుడు 1604లో వెలువరించిన చిన్న పుస్తకం. అందులో సుమారు రెండున్నర వేల మాటలు ఉన్నాయి. అవి చాలావరకు లాటిను, గ్రీకు, ఫ్రెంచి భాషలనుంచి వచ్చిన కఠినపదాలు. రావడం, పోవడం, తినడం, పరుగెత్తడం వంటి మాటలకు అందులో చోటు లేదు. తెలిసిన మాటకు అర్థం చెప్పడం దేనికని ఆనాటి వారి ఆలోచన. దాదాపు వంద సంవత్సరాలపాటు నిఘంటుకారులందరూ ఇదే బాటలో నడిచారు. జాన్ కెర్సీదని భావించే 1702 నాటి నిఘంటువులో గాని వాడుకమాటలు పెద్దసంఖ్యలో పుటలకెక్కలేదు. ఎక్కినా వాటికి దక్కిన వివరణ అంతంతమాత్రమే.

ఆ చిన్న మాటలతో నిజంగా పెనుగులాడిన మొదటి మనిషి సామ్యూల్ జాన్సన్. 1755లో ఆయన నిఘంటువు వెలువడింది. నలభైరెండు వేలకు పైగా పదాలు, కొద్దిమంది లేఖకుల సాయంతో దాదాపు తొమ్మిదేళ్ళ శ్రమ. 'టేక్' అనే ఒక్క క్రియకే ఆయన 134 అర్థాలు చూపవలసి వచ్చింది. పీఠికలో ఆయన ప్రత్యేకంగా ఒక మాట చెప్పుకున్నాడు: ఇంగ్లీషులో మరీ తరచుగా వాడబడే కొన్ని క్రియలు ఉన్నాయి, వాటి అర్థం ఎంత వదులుగా ఉంటుందంటే మొదటి భావంనుంచి అవి ఎక్కడెక్కడికి చేరాయో ఆనవాలు పట్టడమే కష్టం, అని. ఆయన ఇచ్చిన జాబితాలో గెట్, గివ్, పుట్, సెట్, గో, మేక్, టేక్‌లతోపాటు మన 'రన్' కూడా ఉంది. పెద్ద మాటలు పండితుడికి లొంగాయి గాని చిన్న మాటలు లొంగలేదన్నమాట.

తరువాతి ఘట్టం ఆక్స్‌ఫర్డు నిఘంటువుది. 1857లో లండనులోని ఫిలలాజికల్ సొసైటీ సభలో రిచర్డ్ ట్రెంచ్ అనే మతాచార్యుడు ఉన్న నిఘంటువుల లోపాలను ఎత్తిచూపాడు. ప్రతి మాటా ఎప్పుడు పుట్టింది, ఏ కాలంలో ఏ అర్థంలో నడిచింది అన్నది గ్రంథాలనుంచి ఉదాహరణలతో సహా చూపాలన్నది అక్కడినుంచి మొదలైన సంకల్పం. ఆ ఉదాహరణలను ఏరడానికి స్వచ్ఛందంగా ముందుకొచ్చిన పాఠకులు పుస్తకాలు చదువుతూ, కంటికి ఆనిన మాటను వాక్యంతో సహా ఒక చీటీమీద వ్రాసి పంపేవారు. 1879లో జేమ్స్ మర్రే సంపాదకత్వం స్వీకరించేనాటికి అలాంటి చీటీలు దాదాపు రెండు టన్నులు పేరుకుని ఉన్నాయి. ఒక సంచిలో చచ్చిన ఎలుక కూడా దొరికిందట!

ఎలుక సంగతి అటుంచితే, ఆ సంచుల్లో మర్రేను కలవరపెట్టిన విషయం వేరొకటుంది. 'అబ్యూజన్' అనే ఎవరూ వాడని పాతమాటకు యాభై దాకా చీటీలు వచ్చాయి. అందరూ నిత్యం వాడే 'అబ్యూజ్'కు అయిదు కూడా లేవు. చదివినవారు సోమరులై కాదు. వింతమాట కంటికి ఆనుతుంది, రోజూ వాడే మాట ఆనదు. ఇంట్లో కొత్తగా కొన్న బొమ్మ అతిథికి కనబడినట్లు గోడ కనబడదు కదా! ఆ తరువాత మర్రే పాఠకులకు పంపిన విజ్ఞప్తిలో మామూలు మాటలకు కూడా ఉదాహరణలు వ్రాయండని అడగవలసి వచ్చింది.

ఆ పిలుపునకు స్పందించి చీటీలు పంపినవారిలో మన దేశంతో సంబంధం ఉన్న ఒక మహానుభావుడు ఉన్నాడు. ఆయన ఫిట్జ్ఎడ్వర్డ్ హాల్. అమెరికాలో పుట్టి, 1846లో భారతదేశానికి వస్తూ గంగానది ముఖద్వారం దగ్గర ఓడ మునిగి బ్రతికి బయటపడి, తరువాత కాశీలోని ప్రభుత్వ సంస్కృత కళాశాలలో పనిచేసి, సంస్కృత గ్రంథాలను పరిష్కరించినవాడు. చివరికి ఇంగ్లండులోని ఒక పల్లెలో ఏకాంతంగా గడుపుతూ, 1901లో మరణించేవరకు దాదాపు ఇరవై ఏళ్ళు రోజుకు గంటల తరబడి ఈ నిఘంటువుకోసం ఉచితంగా శ్రమించాడు.

నిఘంటువు తొలిభాగం 1884లో, చివరిభాగం 1928లో వెలువడ్డాయి. మర్రే 1915లోనే గతించాడు. అందులో అన్నిటికన్న పొడవైన పదం ఏదనుకున్నారు? 'సెట్' అనే మూడక్షరాల క్రియ. హెన్రీ బ్రాడ్లీ సంపాదకత్వంలో తయారైన ఆ ఒక్క పదానికి పద్దెనిమిది పెద్ద పుటలకు పైగా, 154 ప్రధాన విభాగాలు పట్టాయి. చివరి విభాగమైన 'సెట్ అప్'లో ఉపవిభాగాలకు గుర్తులుగా పెట్టిన అక్షరమాల అయిపోయి, మళ్ళీ మొదటినుంచి జంట అక్షరాలతో లెక్కపెట్టుకోవలసి వచ్చింది. 1989 నాటి రెండవ ముద్రణలో ఈ పదవివరణ సుమారు అరవైవేల మాటలకు చేరింది. అంటే ఒక నవలంత!

ఒకప్పుడు 'సెట్' ఏలిన సింహాసనాన్ని తరువాతి కాలంలో అధిష్ఠించింది మన కథానాయకుడే. 2000 సంవత్సరంనుంచి ఆక్స్‌ఫర్డువారు నిఘంటువును అంతర్జాలంలో సవరిస్తూ వచ్చారు. ఆ క్రమంలో 'రన్' వంతు వచ్చినప్పుడు పీటర్ గిలివర్ అనే నిఘంటుకారుడు ఆ ఒక్క మాట మీద తొమ్మిది నెలలు కూర్చున్నాడు. ఒక బిడ్డ పుట్టడానికి పట్టేంత కాలం. 2011లో లెక్క తేలింది: ఒక్క క్రియారూపానికే 645 అర్థాలు. తొలి ముద్రణలో ఈ 'ఆర్' అక్షరాన్ని చూసిన విలియమ్ క్రెయిగీ కాలానికీ, దీనికీ నడుమ నూరేళ్ళు గడిచాయి. నూరేళ్ళలో ఈ మాట ఇంత ఎలా పెరిగింది? అసలు ఒక మాటకు అన్ని అర్థాలు ఎలా అతుకుతాయి?

మొదటి కారణం పుట్టుకలోనే ఉంది. పాత ఇంగ్లీషులో ఇవి రెండు క్రియలు. ఒకటి తానుగా పరుగెత్తడం, ప్రవహించడం. రెండవది పరుగెత్తించడం, ముఖ్యంగా గుర్రాన్ని. మనం 'పారు', 'పారించు' అన్నట్లు. జర్మను భాషలో నేటికీ నీరు కారడానికి 'రిన్నెన్', మనిషి పరుగెత్తడానికి 'రెన్నెన్' అని వేరువేరు మాటలు ఉన్నాయి. ఇంగ్లీషులో కాలక్రమేణా ఆ రెండూ కలిసి ఒకటే అయ్యాయి. అనగా నది పారడం, మనిషి పరుగెత్తడం, గుర్రాన్ని దౌడు తీయించడం అన్నీ తొలినాటినుంచే ఒక్క గూటి కిందకు చేరాయి. ఆరవ తరగతిలో నేను చూసిన కొళాయి ఈ మాటకు ఆలస్యంగా వచ్చిన అలంకారం కాదు, తాతలనాటి ఆస్తి.

రెండవ కారణం వ్యాకరణం. మన భాషలో చేయించడానికి ఒక ప్రత్యయం కావాలి. నడుచు వేరు, నడిపించు వేరు. ఇంగ్లీషు క్రియలు ఆ తోకలను చాలావరకు పోగొట్టుకున్నాయి. యంత్రం 'రన్' అవుతుంది, యజమాని యంత్రాన్ని 'రన్' చేస్తాడు. మాట మారదు. దానికి ముందూ వెనుకా 'ఇన్', 'అవుట్', 'ఓవర్', 'ఇంటు', 'అప్' వంటి చిట్టి మాటలు తగిలిస్తే చాలు, కొత్త అర్థం సిద్ధం. సరుకు అయిపోతే రనౌట్. దారిలో పాతమిత్రుడు తారసపడితే రనింటు. ఒకరి మీదుగా బండి పోతే రనోవర్.

మూడవ కారణం చరిత్ర. ఒక్కొక్క కాలం ఈ మాటకు తనవంతు బరువు ఎక్కించింది. ఓడల కాలంలో గాలివాలున సాగిపోవడం, ఇసుకలో దిగబడడం, దొంగసరుకు చేరవేయడం అన్నీ 'రన్' అయ్యాయి. పదిహేడవ శతాబ్దం చివరికి, దాచుకున్న డబ్బు మునిగిపోతుందని జనం ఒక్కుమ్మడిగా బ్యాంకు గుమ్మంలో పడడం కూడా ఆ మాటకిందికే వచ్చింది. అదే శతాబ్దంలో యుద్ధాలు మరొకటి ఇచ్చాయి. రెండు వరుసల సైనికులు కొడుతూండగా నేరస్థుడు నడుమ పరుగెత్తవలసిన శిక్షకు స్వీడిష్ భాషలో 'గాట్‌లోప్' అని పేరు. సందు అని ఒక మాట, పరుగు అని ఒక మాట కలిసి ఏర్పడిన సమాసం అది. ఇంగ్లీషువారి నోట అది నలిగి, చేతి ఇనుపతొడుగును తెలిపే 'గాంట్లెట్'తో కలగాపులగమైపోయింది. మలయా ద్వీపాలకు వెళ్ళిన యాత్రికులు ఉన్మాదంతో దొరికినవారిని నరికే మనిషిని గురించి విని, 'అమోక్' అనే మలయా మాటకు కూడా 'రన్'నే జోడించారు.

క్రికెట్టు ఆట కథ మరీ చిత్రం. పద్దెనిమిదో శతాబ్దంలో లెక్క చూసేవాడు కర్రమీద కత్తితో గాట్లు పెట్టేవాడు. 1744 నాటి నియమాల కాలంలో స్కోరును ఆ 'గాటు' పేరుతోనే చెప్పేవారు. తరువాత గాటు పోయి 'రన్' నిలిచింది. నేడు బంతిని హద్దు దాటించినవాడు అడుగు కదపకుండానే నాలుగు పరుగులు తీస్తున్నాడు!

అన్నిటికంటే పెద్ద బరువు యంత్రయుగానిది. 1830లో లివర్‌పూల్, మాంచెస్టరుల నడుమ రైలు నడిచింది. మన దేశంలో 1853లో బొంబాయి, ఠాణాల నడుమ, 1856లో మద్రాసు రాయపురంనుంచి బండ్లు కదిలాయి. ఆవిరి యంత్రం, మగ్గం, గడియారం, కర్మాగారం, వీటన్నిటి కదలికకూ ఇంగ్లీషువారికి చేతికందిన మాట ఇదే. కర్మాగారాన్ని 'రన్' చేసినవాడు క్రమంగా వ్యాపారాన్నీ, పత్రికనూ, ఊరినీ 'రన్' చేశాడు. పంతొమ్మిదవ శతాబ్దపు అమెరికాలో ఎన్నికల అభ్యర్థి కూడా 'రన్' కాసాగాడు. తమాషా ఏమంటే ఇంగ్లండులో అభ్యర్థి నేటికీ 'స్టాండ్' అవుతాడు, అంటే మనలాగే నిలబడతాడు! ఇరవయ్యవ శతాబ్దంలో కంప్యూటరు వచ్చి మరికొన్ని అర్థాలను చేర్చింది. 'సెట్' అంటే కుదురుగా ఉంచడం. 'రన్' అంటే కదిలించడం. కదిలే వస్తువులు పెరిగిన కాలంలో ఏది గెలుస్తుందో చెప్పనక్కరలేదు.

ఇక ఈ మాటను తెలుగులోకి తేబోయినవాడి పాట్లు చూడండి. ఇంగ్లీషువాడు 'రన్' అన్నచోట మనం బండిని నడుపుతాం, బడినీ, పత్రికనూ, సంసారాన్నీ నడుపుతాం. సినిమా ఆడుతుంది. గానుగ ఆడుతుంది, మరకు వెళ్ళి పిండి ఆడిస్తాం. ముక్కు కారుతుంది. బట్ట రంగు దిగుతుంది. దారి పోతుంది. నీరు పారుతుంది. వాళ్ళ ఒక్క పరుగు మన ఇంటికి వచ్చేసరికి నడకగా, ఆటగా, కారుగా, పారుగా చీలిపోయింది. దీన్నిబట్టి వారిది ఉరుకుల జాతి, మనది నడక జాతి అని తేల్చేసేవారున్నారు. నాకు ఆ మాట రుచించదు. వారికి ఒక క్రియ దొరికి దానిమీద మూటలన్నీ ఎత్తారు, మనం అదే బరువును నలుగురికి పంచాం. అంతే తేడా.

పైగా మనకూ మూటలు మోసే క్రియలు లేవా? 'పడు' అనే రెండక్షరాల మాట తీసుకోండి. వాన పడుతుంది, పేరు పడుతుంది, ముడి పడుతుంది, తెర పడుతుంది. కష్టపడతాం, ఇష్టపడతాం, సిగ్గుపడతాం, జబ్బుపడతాం, అలవాటుపడతాం. నిలబడడంలో పడడం ఉంది! 'చెప్పబడెను' అన్నప్పుడు అది వ్యాకరణానికే పనిముట్టు అవుతుంది. పెట్టు, వేయు, కొట్టు, పట్టు కూడా తక్కువవేమీ కావు. వీటి ఒక్కొక్క అర్థం ఏ శతాబ్దంలో, ఏ ఊరిలో, ఏ వృత్తివారి నోట మొదలైందో చూపే పుస్తకం మనకు ఉందా?

మనవారు శ్రమించలేదని కాదు. సి.పి. బ్రౌన్ 1852 నాటి తన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో కావ్యభాషతోపాటు వ్యవహారంలోని వాడుకమాటకూ చోటిచ్చాడు. ఆక్స్‌ఫర్డు తొలిభాగం వచ్చిన మరుసటి ఏడే, 1885లో, బహుజనపల్లి సీతారామాచార్యులు గారి శబ్దరత్నాకరము వెలువడింది. జయంతి రామయ్య పంతులు గారు, పిఠాపురం రాజావారి పోషణతో మొదలైన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వచ్చింది. ఇవి మహత్కార్యాలు. అయితే ప్రయోగాలకు కావ్యాలే ఆధారమయ్యాయి. గిడుగువారు మొత్తుకున్నట్లు, బ్రతికున్న మనుషుల నోటిమాట గుమ్మం బయటే నిలిచిపోయింది. ఆ లోటును గుర్తించి భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తిపదకోశానికి పూనుకున్నారు. 1962లో వ్యవసాయపదాలు, 1971లో చేనేతపదాలు అచ్చయ్యాయి. రైతు దగ్గరికి, నేతగాడి దగ్గరికి వెళ్ళి మాట అడిగి వ్రాసుకున్న పని అది. కాని వృత్తిపదం అడిగితే దొరుకుతుంది. 'పారు' ఎన్ని విధాల వాడతావని అడిగితే ఏ రైతూ చెప్పలేడు. అది వాడుతూండగా పక్కన ఉండి వినాలి.

నాన్నగారు పోయి చాలా కాలమైంది. ఆయన నోట 'పారు' ఎన్ని రూపాల్లో వినబడేదో గుర్తు తెచ్చుకోబోతే నాలుగైదుకు మించి తట్టడంలేదు. నీరు పారేది. పనికిరానిది పారవేసేవారు. ఎద్దు పారిపోయేది. మిట్టమడికి పారకం లేదనేవారు. చూపు పారినంత మేర అనేవారు. ఇంకా ఉండేవి, తప్పక ఉండేవి. ఆ రోజుల్లో నేను నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు కఠినపదాలు వల్లె వేస్తూ, వాటిని ఎర్ర సిరాతో నోటుపుస్తకంలో ఎక్కిస్తూ కూర్చునేవాణ్ణి. అరుగుమీద ఆయన మాట్లాడిన మాటల్లో ఒక్కటీ వ్రాసుకోలేదు. మర్రేకు చీటీలు పంపినవారు చేసిన పొరపాటే ఇది. 'అబ్యూజన్'కు యాభై, 'అబ్యూజ్'కు అయిదు కూడా లేవు.

నీటిపారుదల శాఖ అనే బోర్డు కనబడినప్పుడల్లా ఇప్పటికీ నాకు నవ్వు వస్తుంది. నీటిపరుగును చూసుకునే శాఖ! నా కొళాయి వాక్యానికి ప్రభుత్వం వారే ముద్ర వేసినట్లు తోస్తుంది. 'పరుగెత్తుచున్నది' కొట్టివేసి 'పారుచున్నది' అని వ్రాసి ఉంటే రెండు భాషలూ ఆనాడే నా కాగితంమీద కలుసుకునేవి.

మిత్రులారా, మీ ఇళ్ళల్లో ఇంకా ఎవరైనా పెద్దవారు మాట్లాడుతూ ఉంటే, వింతమాటలకోసం ఎదురుచూడకండి. పడు, పెట్టు, పారు వంటి చిన్న మాట వినబడినప్పుడు ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్లు ఒక చీటీమీద వ్రాసిపెట్టండి. ఎవరు అన్నారో, ఏ ఊరివారో, ఏ సంవత్సరమో కూడా వ్రాయండి. నా దగ్గర 'పారు'కు అయిదు చీటీలే ఉన్నాయి. ఆరవది మీ దగ్గరుంటే నాకు తప్పక తెలపండి.